మళ్లీ నాటుతున్నారుగా, మరి క్లియర్‌కట్ వల్ల అడవి జంతువులకు వచ్చే నష్టమేంటి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సియాటిల్ నుంచి ఒలింపిక్ ద్వీపకల్పం వైపు 101 హైవే మీద వెళ్తుంటే కొండలకు కొండలే గుండు కొట్టించినట్టు కనిపిస్తున్నాయి. ఒక చోటి చెట్లన్నిటినీ ఇలా ఒకేసారి నరికేయడాన్నే క్లియర్‌కట్ అంటారు. పక్కనే "ఫలానా ఏడు నరికాం, ఫలానా ఏడు నాటాం" అని బోర్డులున్నాయి. నరికిన చోటే ఎల్క్‌లు, జింకలు హాయిగా మేస్తున్నాయి. చెట్లు తిరిగొస్తున్నప్పుడు, జంతువులు కళ్లముందే ఉన్నప్పుడు, ఈ గొడవంతా దేనికి?

మీరు చూసిన రెండూ నిజమే. నాటడం కంపెనీల ఉదారత కాదు, చట్టం. వాషింగ్టన్ రాష్ట్ర నిబంధనల ప్రకారం నరికిన మూడేళ్లలోపు తిరిగి అడవి వేయాలి. కాస్కేడ్ కొండలకు పడమటి వైపు ఎకరానికి కనీసం 190 మొక్కలు ఆరోగ్యంగా నిలబడాలి. ఒక క్లియర్‌కట్‌కు మామూలుగా 120 ఎకరాల పరిమితి ఉంది, నిపుణుల బృందం పరిశీలించాక 240 దాకా ఒప్పుకోవచ్చు. జంతువుల కోసమని పడమటి వైపు ఎకరానికి మూడు ఎండిన లేదా లోపమున్న మానులు, రెండు పచ్చి చెట్లు, రెండు పడిపోయిన దుంగలు వదలాలి. ఒరెగాన్‌లో ప్రైవేటు భూముల్లో 25 ఎకరాలు దాటిన క్లియర్‌కట్‌కు ఎకరానికి రెండు ఎండు మానులో పచ్చి చెట్లో, రెండు దుంగలు వదిలితే చాలు. ఆ వదిలే చెట్టు 30 అడుగుల ఎత్తు, 11 అంగుళాల మందం ఉంటే సరిపోతుంది. నిజమైన పాత అడవిలో అంత మందం కొమ్మలే ఉంటాయి.

చిక్కంతా వయసులో ఉంది. కంపెనీ భూముల్లో ఇక్కడి ముఖ్యమైన కలప చెట్టు డగ్లస్ ఫర్‌ను 35 నుంచి 50 ఏళ్లకు నరికేస్తారు. దిమ్మల మిల్లుకు ఆ మందం చాలు, పెట్టుబడి మీద వడ్డీ లెక్క కూడా ఆ వయసుకే కుదురుతుంది. ఈ అడవుల్లో కష్టాల్లో పడ్డ జంతువులకు కావలసినవేమో 150, 200 ఏళ్లు దాటిన చెట్లకు గానీ రావు. అంటే ఆ నేలకు అవి ఆలస్యంగా వస్తాయని కాదు, ఎప్పటికీ రావు. ప్రతిసారీ మూడో వంతో నాలుగో వంతో దారి నడిచాక గడియారాన్ని సున్నాకు తిప్పేస్తారు. రికార్డుల్లో మాత్రం అది అడవిగానే ఉంటుంది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదంతో దీన్ని పోల్చేవాళ్లు గమనించాల్సింది ఇదే. అక్కడ గొడవ భూమి వాడకమే మారిపోతుందని. ఇక్కడ వాడకం మారదు, కాబట్టి అటవీ విస్తీర్ణం లెక్కల్లో ఒక్క ఎకరం కూడా తగ్గినట్టు కనపడదు.

ముందు మీ ఎల్క్‌ల సంగతి. క్లియర్‌కట్ తర్వాత ఎండ నేల దాకా వస్తుంది, గడ్డి, ఫైర్‌వీడ్, పొదలు లేస్తాయి. మేత మేసే జంతువులకు అది పండగే, దాన్ని ఎవరూ కాదనరు. ఆ పండగ పది పదిహేనేళ్లు. తర్వాత ఒకే వయసు మొక్కలు ఒక్కసారిగా పందిరి కమ్మేస్తాయి. అక్కడి నుంచి ముప్పై, నలభై ఏళ్ల వయసు దాకా ఆ తోట నేల మీద పచ్చని ఆకు దొరకదు, ఎండి రాలిన సూదిలాంటి ఆకుల పరుపు తప్ప. భద్రాచలం పేపర్ మిల్లుకు వెళ్లే జామాయిల్ తోటల్లోకి దిగి చూసినవాళ్లకు ఆ ఖాళీ ఎలా ఉంటుందో తెలుసు. ఎల్క్‌లు కూడా అందులోకి దాక్కోవడానికి వెళ్తాయి, తినడానికి కాదు. అది కాస్త తెరుచుకుని కింద పొదలు మళ్లీ మొలిచే వయసుకు రంపం వస్తుంది.

పైగా ఇవాళ ఆ పదిహేనేళ్ల పండగ కూడా పూర్తిగా జరగనివ్వట్లేదు. నాటే ముందు, ఒక్కోసారి నాటాక కూడా, హెలికాప్టర్‌తో కలుపు మందు కొడతారు. వైన్ మేపుల్, ఆల్డర్, సాల్మన్‌బెర్రీ లాంటి వెడల్పాకు మొక్కలు ఫర్ మొక్కలతో పోటీ పడతాయని వాటిని చంపుతారు. ఆ ఆకుల మీద పురుగులు, ఆ పురుగుల మీద పిట్టలు, ఆ పువ్వుల మీద రూఫస్ హమ్మింగ్‌బర్డ్ బతకాలి. కాబట్టి క్లియర్‌కట్ కనీసం పొదల పిట్టలకైనా మేలు చేస్తుందన్న వాదన మందు కొట్టిన చోట సగానికి సగం చెల్లదు.

అడవిలో మంటలు రావా, తుపాను గాలికి చెట్లు పడవా, అదీ ఇదీ ఒకటే కదా అని కూడా అడుగుతుంటారు. ఒకటి కాదు. మంట చెట్లను చంపుతుంది గానీ తీసుకుపోదు. కాలిన మానులు నిలబడే ఉంటాయి, వాటిలో పురుగు చేరుతుంది, దానికోసం నల్లవీపు వడ్రంగిపిట్ట వస్తుంది, అది తొలిచిన తొర్రల్లో మిగతావి చేరతాయి. మాను కూలాక దుంగగా ఇంకో నూరేళ్లు నేల మీద పనిచేస్తుంది. 1980లో మౌంట్ సెయింట్ హెలెన్స్ పేలినప్పుడు కూడా లక్షల మానులు పడి అక్కడే ఉండిపోయాయి. 1982లో 1,10,000 ఎకరాలను రక్షిత ప్రాంతంగా ప్రకటించి అలాగే వదిలేశారు. ఆ మానుల మధ్య నుంచే రకరకాల చెట్లు, పొదలు లేచాయి. క్లియర్‌కట్‌లో లారీ ఎక్కేది సరిగ్గా ఆ మానులే.

ఇక పాత చెట్టు ఏమిస్తుందో దగ్గర నుంచి చూద్దాం.

మార్బుల్డ్ మ్యూరెలెట్ అని ఒక సముద్రపు పక్షి ఉంది. చేపలు పట్టేది సముద్రంలో, గుడ్డు పెట్టేది అడవిలో, తీరం నుంచి ఒక్కోసారి 50, 60 కిలోమీటర్లు లోపలికి వచ్చి. గూడు కట్టదు. పాత డగ్లస్ ఫర్‌కో, సిట్కా స్ప్రూస్‌కో, రెడ్‌వుడ్‌కో చాలా ఎత్తున ఉన్న లావుపాటి కొమ్మ మీద నాచు మెత్తలా పేరుకుంటే, ఆ నాచులో చిన్న గుంట చేసి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. కొమ్మ కనీసం నాలుగు అంగుళాల వెడల్పన్నా ఉండాలి, ఇంకా లావైతే మేలు. పైన ఇంకో కొమ్మ నీడ ఉండాలి. దాని గూడు ఎక్కడుంటుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1974లో కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ పార్కులో చెట్టెక్కి పనిచేస్తున్న మనిషికి అనుకోకుండా దొరికింది. నలభై ఏళ్ల తోటలో ఎన్ని వేల చెట్లున్నా అలాంటి కొమ్మ ఒక్కటీ ఉండదు. చెట్లు ఇరుకుగా ఉంటాయి, కింది కొమ్మలు ఎండి రాలిపోతాయి, మాను నున్నగా స్తంభంలా పెరుగుతుంది. కలపకు అదే కావాలి. పక్షికి అదే పనికిరాదు. 1992 నుంచి వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియాల్లో ఇది చట్టరీత్యా ముప్పులో ఉన్న పక్షి.

తొర్రల కథ కూడా ఇంతే. తొర్ర కావాలంటే ముందు మాను లావెక్కాలి, లోపలి చేవకు పుచ్చు పట్టాలి, పైభాగం ఏ గాలికో విరగాలి, అప్పుడు పెద్ద వడ్రంగిపిట్ట తొలవాలి. ఆ పిట్ట ఏటా కొత్త తొర్ర తొలుచుకుంటుంది, వదిలేసిన పాతవాటిలో ఎగిరే ఉడతలు, చిన్న గుడ్లగూబలు, గబ్బిలాలు కాపురం పెడతాయి. వాక్స్ స్విఫ్ట్ పక్షికైతే చిమ్నీలా లోపలంతా గుల్లబారిన మాను కావాలి. ముంగిసలా పొడవాటి ఒళ్లుండే ఫిషర్ అనే మాంసాహారి ఆడది చెట్టు తొర్రలో తప్ప పిల్లలు పెట్టదు. బొచ్చు కోసం వేట, పాత అడవి నరికివేత రెండూ కలిసి వాషింగ్టన్‌లో దాన్ని తుడిచిపెట్టాయి. 2008–2010 మధ్య బ్రిటిష్ కొలంబియా నుంచి 90 ఫిషర్లను తెచ్చి ఒలింపిక్ నేషనల్ పార్కులో వదిలారు.

నాకు అన్నిటికంటే చెప్పాలనిపించేది రెడ్ ట్రీ వోల్ గురించి. ఒరెగాన్ పడమటి అడవుల్లోనూ, ఉత్తర కాలిఫోర్నియాలోనూ ఉండే అరచేతిలో పట్టేంత ఎర్రటి ఎలుక. పుట్టుక, చావు, కాపురం అంతా కొమ్మల మీదే, నేలకు దిగడం అరుదు. తిండి దాదాపుగా డగ్లస్ ఫర్ సూదులే. సూది రెండంచుల్లోనూ చేదు జిగురు నాళాలుంటాయి. వోల్ ఒక్కో సూదినీ ముందుకాళ్లతో పట్టుకుని ఆ రెండు నాళాలనూ పళ్లతో పీకి పక్కన పెట్టి, మధ్య భాగమే తింటుంది. పీకిన నాళాలు వెంట్రుకల్లా సన్నగా, వంకీలు తిరిగి ఉంటాయి, వాటినే గూట్లో పరుపుగా వేసుకుంటుంది. చెట్టు కింద అలాంటి లేత గోధుమరంగు పీచు కుప్ప కనిపిస్తే పైన వోల్ ఉన్నట్టే, సర్వే చేసేవాళ్లు మొదట వెతికేది దాన్నే. ఒకే చెట్టు మీద తరాల తరబడి బతికే జీవి ఇది. చెట్టు పడితే పారిపోవడానికి దానికి కాళ్లు చాలవు. నరికిన 120 ఎకరాలు దాటి వెళ్లే సంగతి అడగనే అక్కర్లేదు.

ఆ వోల్‌నీ, ఎగిరే ఉడతనూ తిని బతికేది నార్తర్న్ స్పాటెడ్ గుడ్లగూబ. అసలు యుద్ధం జరిగింది దీని పేరు మీదే, కాబట్టి వరస తెలిసి ఉండాలి. ఫర్ వేళ్లకు కొన్ని శిలీంధ్రాలు అంటుకుని ఉంటాయి. అవి నీళ్లు, పోషకాలు లాగి ఇస్తాయి, చెట్టు వాటికి చక్కెర ఇస్తుంది. ఆ శిలీంధ్రాల్లో చాలావాటి కాయలు నేల కిందే కాస్తాయి, వాటిని ట్రఫుల్స్ అంటారు. ఎగిరే ఉడత వాసన పట్టి తవ్వి తింటుంది, పెంటికలతో బీజాలు అడవంతా చల్లుతుంది. ఉడతను గుడ్లగూబ తింటుంది. క్లియర్‌కట్‌లో చెట్టు పోతే వేరుకు చక్కెర ఆగుతుంది, ట్రఫుల్స్ ఆగిపోతాయి. ఉడత దూకు మామూలుగా ఇరవై మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, 120 ఎకరాల చదరం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాదాపు 700 మీటర్లు. దక్షిణ ఒరెగాన్‌లో ఒక గుడ్లగూబల జంటకు మూడు వేల ఎకరాల చిల్లర చాలేది, ఒలింపిక్ ద్వీపకల్పంలో పది వేలు దాటుతుంది. ఉత్తరాన ఎర తక్కువ మరి. అడవి ముక్కలైన కొద్దీ అదే తిండికి అవి ఇంకా దూరం తిరగాలి.

1990 జూన్‌లో దాన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. 1991లో ఫెడరల్ జడ్జి విలియం డ్వయర్ ప్రభుత్వ అడవుల్లో దాని నివాసాల్లో కలప అమ్మకాలు ఆపేశారు. 1994లో నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ ప్లాన్ వచ్చింది. మూడు రాష్ట్రాల్లో సుమారు 2.4 కోట్ల ఎకరాల ఫెడరల్ భూమికి అది వర్తిస్తుంది. ఆ తర్వాత పాత అడవి నరకడం బాగా తగ్గింది, గుడ్లగూబ మాత్రం తగ్గుతూనే ఉంది. తూర్పు నుంచి వచ్చిన బార్డ్ గుడ్లగూబ, అంతకంటే పెద్దది, మొండిది, దాన్ని తరిమేస్తోంది. 2024లో ముప్పై ఏళ్లలో దాదాపు 4,50,000 దాకా బార్డ్ గుడ్లగూబలను కాల్చడానికి ఫెడరల్ వన్యప్రాణి సంస్థ ప్రణాళిక ఖరారు చేసింది. "చూశారా, తప్పు కలపవాళ్లది కాదు, ఇంకో గుడ్లగూబది" అనేవాళ్ల మాట సగమే నిజం. నిండుగా అడవి ఉన్నప్పుడు తోసేసినా పోవడానికి ఇంకో చోటుంటుంది. మిగిలింది ముక్కలే అయితే రెండూ ఆ ముక్క కోసమే కొట్టుకోవాలి, అందులో చిన్నది ఓడుతుంది.

ముక్క అన్నాను కదా, చాలామంది వదిలేసే లెక్క అక్కడే ఉంది. నరికిన చోటు నష్టం నరికిన గీత దగ్గర ఆగదు. ఎండ, గాలి, పొడి పక్కనున్న పాత అడవిలోకి దూరతాయి. కొన్ని ప్రభావాలు 30 మీటర్లలో తగ్గిపోతాయి, గాలి, తేమ లాంటివి 200 మీటర్లు దాటి కూడా కొలతకు అందుతాయని ఈ ప్రాంతపు డగ్లస్ ఫర్ అడవుల్లోనే తేలింది. ఇప్పుడు నాలుగు వైపులా నరికి మధ్యలో 40 ఎకరాల పాత అడవిని "రక్షించారు" అనుకుందాం. చదరంగా తీసుకుంటే 400 మీటర్లు × 400 మీటర్లు. అంచు ప్రభావం 100 మీటర్లు లోపలికి వెళ్తే లోపల నిఖార్సైన అడవి 200 × 200, అంటే పది ఎకరాలు. 200 మీటర్లు వెళ్తే సున్నా. మ్యాపులో నలభై ఎకరాల ఆకుపచ్చ గడి ఉంటుంది, మ్యూరెలెట్‌కు అందులో ఒక్క ఎకరం కూడా మిగలదు. ఎందుకంటే అంచు పొదల్లో బెర్రీలు కాస్తాయి, బెర్రీలకు స్టెల్లర్స్ జే అనే పిట్ట వస్తుంది, కాకులు వస్తాయి, వచ్చినవి గుడ్డును చూడకుండా పోవు. క్యాంపుగ్రౌండ్‌లో మనం పారేసే చిప్స్ కూడా అదే పని చేస్తాయి, అది వేరే గొడవ. దానికి తోడు, ఎన్నడూ గాలి తగలని చెట్లకు ఒక్కసారిగా ఎదురుగాలి తగిలితే మొదటి రెండు మూడు చలికాలాల్లోనే అంచు వరసలు పెళ్లలతో సహా లేచిపోతాయి. దాంతో అంచు ఇంకాస్త లోపలికి జరుగుతుంది.

నేల మీదకు, వాగుల్లోకి వద్దాం. ఇక్కడి సాలమాండర్లలో చాలావాటికి ఊపిరితిత్తులు లేవు. చర్మంతోనే ఊపిరి, చర్మం తడిగా ఉంటేనే ఊపిరి. పగలంతా మెత్తబడ్డ దుంగ కింద, బెరడు పొరల్లో ఉంటాయి. క్లియర్‌కట్ నేల వేసవి మధ్యాహ్నం చేయి ఆనించలేనంత వేడెక్కుతుంది. యంత్రాలు దుంగలను తొక్కేస్తాయి. ఉన్న కాసిని పెద్ద దుంగలు ఉంటే కొన్ని బతుకుతాయి, అవి కరిగిపోయాక కొత్త దుంగ ఇచ్చే లావు చెట్టు ఆ తోటలో ఉండదు. ఇలా దెబ్బ రెండో కోత, మూడో కోత దగ్గర బయటపడుతుంది. మొదటి కోత తర్వాత సర్వే చేసి "ఉన్నాయి కదా" అనేయడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

టెయిల్డ్ ఫ్రాగ్ అనే కప్ప చల్లటి, నిటారు వాగుల్లో ఉంటుంది. దాని తోకకప్ప నోటి చుట్టూ ఉన్న చూషకంతో రాతికి అతుక్కుని నాచు గీక్కుని తింటుంది, కప్పగా మారడానికి చోటును బట్టి ఏడాది నుంచి నాలుగేళ్లు. రాళ్ల మధ్య సందులు ఒండ్రుతో పూడితే అతుక్కునే చోటుండదు. నీడ పోయి నీళ్లు వేడెక్కితే గుడ్లు నిలవవు. చిక్కేంటంటే ఈ వాగుల్లో చేపలుండవు. చేపలున్న వాగు ఒడ్డున చట్టం వెడల్పాటి చెట్ల పట్టీ అడుగుతుంది, చేపల్లేని తల వాగులకు ఇన్నేళ్లూ తక్కువతో సరిపెట్టారు. అదే నీళ్లు కిందికి పోయి సాల్మన్ వాగులో కలుస్తాయి. సాల్మన్ కంకరలో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది, కంకర సందుల్లోంచి పారే నీటి ప్రాణవాయువుతోనే అవి బతకాలి. సన్నని మన్ను పడితే ఊపిరాడక చస్తాయి. ఆ మన్ను ఎక్కువగా వచ్చేది నరికిన నేల నుంచి కూడా కాదు, కలప లారీల కోసం వేసిన మట్టిరోడ్ల నుంచి: పూడిపోయిన తూములు, ఏటవాలు మీద తోసి వదిలేసిన మట్టి, పెద్ద వానకు జారిపడే కట్టలు. కోత ఆగి ఇరవై ఏళ్లైనా రోడ్డు జారుతూనే ఉంటుంది.

ఎల్క్‌ల పండగ ఇంకొకరి చావుకెలా వస్తుందో కారిబూ అనే ఉత్తరాది మంచు జింకలను చూస్తే అర్థమవుతుంది. బ్రిటిష్ కొలంబియా లోపలి కొండల్లో కొన్ని కారిబూ మందలు చలికాలమంతా పాత ఫర్, స్ప్రూస్ కొమ్మలకు గడ్డంలా వేలాడే లైకెన్‌నే తింటాయి. రెండు మూడు మీటర్ల మంచు పడితే దాని మీద నిలబడి పైకొమ్మలు అందుకుంటాయి. అంత మంచులోకి మూస్ అనే భారీ జింక రాదు, కాబట్టి తోడేలూ రాదు. ఆ ఎత్తే వాటి రక్షణ. కింది లోయల్లో క్లియర్‌కట్లు పడ్డాయి, పొదలు లేచాయి, మూస్, జింకలు పెరిగాయి, వాటిని తిని తోడేళ్లు పెరిగాయి. కలప రోడ్ల మీద, మంచు మీద బిగుసుకున్న స్నోమొబైల్ బాటల మీద తోడేలు సులువుగా కొండెక్కింది. కారిబూ ఏడాదికి ఒకే దూడ వేస్తుంది, ఈ వేటకు తట్టుకోలేదు. లైకెన్ పోయినందుకు కాక, పొరుగింట్లో మేత పెరిగినందుకు చచ్చిపోయిన మందలివి. కెనడా సరిహద్దు దాటి వాషింగ్టన్, ఐడహోల్లోకి కూడా వచ్చి తిరిగిన సౌత్ సెల్‌కర్క్ మందలో 2018 నాటికి మూడు ఆడవే మిగిలాయి. 2019 జనవరిలో చివరిదాన్ని పట్టి దొడ్డిలోకి తరలించారు. అలాస్కా వదిలేస్తే అమెరికాలో తిరిగే అడవి కారిబూ కథ దాంతో ముగిసింది.

2015 నుంచి బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం హెలికాప్టర్ల నుంచి తోడేళ్లను కాలుస్తోంది. కొన్ని మందలు నిలదొక్కుకున్నాయి కూడా. కానీ పక్కన అదే ఎత్తులో కోతకు అనుమతులిస్తూ తోడేళ్లను కాల్చడమంటే ఆ కాల్పులకు ముగింపే ఉండదు. బోరియల్ కారిబూ కోసం 2012లో కెనడా పెట్టుకున్న గీత ఏమిటంటే, ఒక మంద తిరిగే ప్రాంతంలో 65 శాతం చెదరకుండా ఉంటే, అది సొంతంగా నిలబడే అవకాశం 60 శాతం. చెదరడం అంటే కోత ఒక్కటే కాదు, రోడ్డైనా, పైపులైనైనా చుట్టూ 500 మీటర్లు కలిపి లెక్క. 65 ఇచ్చి 60 కొనుక్కునే బేరమిది, అది కూడా చాలా చోట్ల దాటేశారు.

ఇక, ఇక్కడ ఉంటూ ఏం చూడాలి, ఏం చేయగలం అన్నది.

మీరు దాటుతున్న కోతను చదవడం నేర్చుకోండి. మొద్దుల మందం చూడండి. మూడు నాలుగు అడుగుల మొద్దులు చాలా ఉంటే అది రెండో కోత కాకపోవచ్చు, సహజంగా లేచిన పాత అడవి పోయి ఉండొచ్చు. పాత పెద్ద మొద్దులకు పక్కన ఒక చీలిక గాడి కనిపిస్తే అది నూరేళ్ల కిందటి మొదటి కోతది, అప్పటి కూలీలు పలక దోపుకుని నిలబడి రంపం లాగిన గుర్తు. వదిలిన చెట్లు విడివిడిగా దువ్వెన పళ్లలా ఉన్నాయా, గుంపుగా ఉన్నాయా గమనించండి. విడివిడి చెట్లు చాలాసార్లు గాలికి పడతాయి, కాగితం మీద మాత్రం షరతు తీరినట్టే. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి తిప్పితే ఎన్నేళ్లకొకసారి నరుకుతున్నారో తేలిపోతుంది.

వాషింగ్టన్ రాష్ట్ర సహజ వనరుల శాఖ చూసే ట్రస్టు భూముల్లో కోతల సొమ్ము స్కూళ్ల భవనాలకు, కౌంటీలకు వెళ్తుంది. అందుకే గొడవ తేలిగ్గా తెగదు. ఆ అమ్మకాలు వేలానికి ముందు పర్యావరణ సమీక్షకు, బోర్డు ముందుకు వస్తాయి, ప్రజలు రాసింది చదవాలి. "చెట్లు నరకొద్దు" అని రాస్తే ఫైల్లో చేరుతుంది, అంతే. అమ్మకం పేరు, యూనిట్ నంబర్, జీపీఎస్ బిందువు, రొమ్మెత్తులో చెట్టు చుట్టుకొలత, వాగు మ్యాపులో లేకపోతే దాని ఫొటో, ఎండు మానుల సంఖ్య, తేదీ రాయండి. అలాంటి ఉత్తరాన్ని పక్కన పడేయడం కష్టం. పడమటి వాషింగ్టన్‌లో 1850 కంటే ముందు సహజంగా మొలిచిన, ఐదెకరాలు దాటిన పాత అడవిని ఆ శాఖ విధానమే కాపాడుతుంది. ఆ తర్వాత లేచిన 80, 100 ఏళ్ల అడవులకే దిక్కు లేకుండా పోయింది. 2025లో అలాంటి వాటిలో దాదాపు 77,000 ఎకరాలను పక్కన పెడుతున్నట్టు రాష్ట్ర భూముల కమిషనర్ ప్రకటించారు. మిగతావాటిపై పోరు నడుస్తూనే ఉంది.

మనవాళ్లలోనూ అడవితో కూడిన పది, ఇరవై ఎకరాలు కొనేవాళ్లున్నారు కాబట్టి నాలుగు మాటలు. కలప అమ్మాలనుకుంటే మొత్తం ఒకేసారి కాకుండా పాతిక, ముప్పై ఏళ్ల తోటను ఎగుడుదిగుడుగా పల్చన చేయించండి: కొన్ని చోట్ల అసలు ముట్టుకోకుండా, కొన్ని చోట్ల అర ఎకరం దాకా ఖాళీ చేసి, మిగతాచోట మూడో వంతు తీసి. సమానంగా పల్చన చేస్తే చెట్లు లావెక్కుతాయి గానీ జంతువులకు రకం రాదు. ఎండు మానును కాపాడాలంటే దాని చుట్టూ పచ్చి చెట్ల గుంపును కలిపి వదలాలి. పనివాళ్ల భద్రత నిబంధనల ప్రకారం, పని జరిగే చోట పడే ప్రమాదమున్న మానును ముందే కూల్చేస్తారు, కాబట్టి ఒంటరిగా రంగు గీసి వదిలింది మిగలదు. కొత్తగా ఎండు మాను తయారు చేయాలంటే చుట్టూ బెరడు ఒలిచి చంపే పద్ధతి చవక, కానీ అలాంటి మాను ఒలిచిన చోట బలహీనపడి తొందరగా విరుగుతుంది. కొన్ని పచ్చి కొమ్మలు ఉంచి పైభాగం కోయిస్తే ఖర్చెక్కువ, ఎక్కువకాలం నిలబడుతుంది, పుచ్చు పైనుంచి లోపలికి దిగుతుంది. వడ్రంగిపిట్టకు అదే కావాలి. దానికి కలప విలువ లేని వంకర, రెండు తలల చెట్టునే ఎంచుకోండి, ఇరవై అంగుళాలు దాటినదైతే మంచిది. పుచ్చిన పాత దుంగలను శుభ్రం చేసే పేరుతో కాల్చనివ్వకండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గూళ్ల కాలం, కోత ఆ తర్వాత పెట్టుకోండి. వానాకాలం ముదరక ముందే ముగించండి, లేదంటే తడి నేల మీద యంత్రాలు తిరిగి రోడ్డు బురదంతా వాగులో పడుతుంది. కాంట్రాక్టర్‌తో ఇవన్నీ నోటిమాటగా కాకుండా ఒప్పంద పత్రంలో రాయించండి, వదిలే చెట్లకు మీరే దగ్గరుండి రంగు వేయించండి. కోత మొదలైన రోజు ఉదయం ఆపరేటర్‌ను వెంటబెట్టుకుని ఒకసారి చుట్టూ తిరిగి చూపిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే కాగితం చదివేది కాంట్రాక్టర్, రంపం పట్టేది వేరే మనిషి.